చైను లేకుండా ఎక్కిన 231 చుట్లు

దెయ్యాలు, గాలి సోకడం లాంటివాటిని నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. కింద రాసేది కూడా కొలిచి చూశాకే రాస్తున్నాను.

2003లో మా చెల్లెలు రంగనాయకికి ముప్పై ఆరేళ్లు. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో పని. మా ఊరి నుంచి పోను తొమ్మిది, రాను తొమ్మిది కిలోమీటర్లు రోజూ సైకిలు తొక్కేది. ఒక సాయంత్రం పాత వారపత్రికలోని కాగితం ఒకటి చించి తెచ్చింది. అందులో లావు టైర్ల సైకిళ్ల మీద కొండదారుల్లో దూకుతున్న మనుషుల బొమ్మ ఉంది. పడమటి కొండల్లో ఒక కాఫీ ఎస్టేటువారు సైకిళ్ల కోసమే దారులు వేశారట. మదురై నుంచి, బెంగళూరు నుంచి జనం తీర్థానికి వచ్చినట్టు వస్తున్నారట.

"అన్నా, నేను ఈడికి పోవాల."

"పోయి?"

"తొక్కాల. ఇంకేమి, ఆడ పోయి అగ్గిపెట్టెలు అంటిస్తానా?"

ఎస్టేటుకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. గేటు నుంచి ఆఫీసు దాకా 1,200 మీటర్ల ఎత్తుదారి, నూటికి ఎనిమిది వాలు. కాలు నేలకు ఆనకుండా దాన్ని ఎక్కినవారికే లోపలి దారుల్లోకి అనుమతి. మనిషికి ఒకే అవకాశం. ఎక్కలేనివారు జీపులో కూర్చుని చూడొచ్చు. అడుగున ఎవరో చేత్తో మరో మాట చేర్చారు: ఆడవారు ఎక్కడానికి శ్రమపడనక్కరలేదు, జీపులో చోటు ఉంచుతాం.

ఆ చివరి మాట ఆమె రెండుసార్లు చదివించుకుంది. మరుసటి రోజు నుంచి పనికి పోయేటప్పుడు క్యారియర్ మీద ఇసుక మూట కట్టుకుంది.

"ఏమక్కా, మొగుణ్ణి మూట కట్టుకొని వస్తుండావా?" అని కంపెనీలో ఆడవాళ్లు నవ్వారట.

"ఆయన ఇంత తేలికగా ఉంటే రోజూ తెచ్చేస్తునే" అందట ఈమె.

మూడు నెలలు నేను ఆ ప్రయాణానికి పథకం వేశాను. విరుదునగర్‌లో ఒక పాత గేరు సైకిలు దొరికింది. గేర్లు మార్చే అమరిక తుప్పు పట్టి ఉంటే అదంతా తీసేశాను. పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 22 పళ్లు, వెనక చక్రం ఫ్రీవీలుకు 22 పళ్లు ఉండేలా చూశాను. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరగాలి. చక్రం చుట్టుకొలత 207 సెంటీమీటర్లు. కాబట్టి ఆ ఎత్తుకు 580 తొక్కుళ్లు. నిమిషానికి యాభై చొప్పున పన్నెండు నిమిషాల లోపు. కొత్త చైను కొని, కత్తిరించి, రెండు కొసలు కలిపే లాకు నేనే బిగించాను. షాపువాణ్ణి నమ్మలేదు.

అనుకున్న ఆదివారం ఉదయం పది గంటలకు గేటు దగ్గర ఉన్నాం. మేనేజరు మర్యాదస్తుడు. జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. రంగనాయకి అటు చూడనైనా చూడలేదు. అతను ఖాళీ జీపులో ముందే పైకి పోయాడు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని, "ఒకటి, రెండు" అని పైకే లెక్కపెడుతూ బయలుదేరింది. కాలు ఆనిందో లేదో చూడడానికి వంపుల దగ్గర ఇద్దరు కాపలావాళ్లు ఉన్నారు. నేను వెనక నడిచాను. రెండు వందలు దాటాక ఆమె గొంతు వినిపించలేదు.

తొమ్మిది నిమిషాలకు నేను రెండో వంపు చేరాను. దారి మధ్యలో చైను పడి ఉంది.

కొత్త చైను, నేను కత్తిరించినదే. లాకు క్లిప్పు ఊడి పక్కనే పడి ఉంది. ఆ క్లిప్పు తెరిచి ఉండే నోరు చైను పరిగెత్తే దిక్కుకు ఉండకూడదు. సైకిలు షాపులో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతి. నేను చదివిన పుస్తకాల్లో మాత్రం అది లేదు. నేను తిప్పి పెట్టాను.

తలెత్తి చూశాను. పై వంపులో ఆమె తొక్కుతూనే ఉంది. నెమ్మదిగా, సమంగా. పిలవబోయి నోరు మూసుకున్నాను. పిలిస్తే ఆగుతుంది. ఆగితే కాలు దించుతుంది. మూడు నెలలు, ఒకే అవకాశం. గ్రీజు అంటిన చైను చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పైన చప్పట్లు వినిపించాయి.

నేను ఎగశ్వాసతో చేరేసరికి ఆమె నవ్వుతోంది. "ఐనూట ఎనబై నాలుగు! నీ లెక్కలో నాలుగు తప్పు, అన్నా!"

మేనేజరు నా చేతి వంక, సైకిలు వంక చూశాడు. "అంతలోనే చైను ఎందుకు విప్పారు?" అని తమిళంలో అడిగాడు.

వెంటనే సైకిలు నడిపించుకుంటూ దిగి, చక్రం చుట్లు లెక్కపెట్టాను. ఆఫీసు నుంచి చైను దొరికిన చోటికి 231 చుట్లు. దాదాపు 480 మీటర్లు. ఆమె వేగానికి ఆ వాలులో చైను లేని సైకిలు రెండు మీటర్లు కూడా ముందుకు పోదు. ఎవరైనా తోశారా? కాపలావాళ్లు ఇద్దరూ విడివిడిగా, ఎవరూ దగ్గరికి రాలేదన్నారు. కాలు ఆనలేదనీ చెప్పారు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆమె చెప్పిన 584. చైను లేకుంటే పెడలు ఊరికే గిర్రున తిరగాలి, లెక్క చక్రంతో కలవకూడదు. కలిసింది.

లాకు సరైన దిక్కుకు బిగించి ఇచ్చాను. మేనేజరు పుస్తకంలో ఆమె పేరు తన చేత్తో రాశాడు. సాయంత్రం నాలుగు దాకా ఆమె లోపలి దారులన్నీ తొక్కింది. రెండుసార్లు పడింది. మోచేతులు గీరుకుపోయాయి. మూడోసారి ఒక మట్టి దిబ్బ మీద నుంచి సైకిలుతో సహా గాల్లోకి లేచి దిగితే, బెంగళూరు వాళ్లు ఈలలు వేశారు.

తిరుగు ప్రయాణంలో విరుదునగర్ బస్టాండులో టీ తాగుతూ ఆమెకు సంగతి చెప్పాను. గ్లాసు దించి నన్ను చూసింది.

"తెలిసుంటే దిగేసుందును. నోరు మూసుకొంటివి, మంచి పని చేస్తివి."

"ఆ చివర పెడలు తేలిక కాలేదా?"

"తేలికా? కడదాకా బరువే. తొడలు పగిలిపోయినాయి. ఊరికే ఏమన్నా ఎక్కితినా నేను?"

చైను లేని పెడలుకు బరువు ఉండదు. ఆమె కాళ్లకు తగిలిన ఆ బరువు ఏమిటో ఈ రోజుకీ నాకు అంతుబట్టలేదు. ఎక్కింది మాత్రం ఆమే.