అక్క వేసిన మార్కులు

ఇతరుల ఏడుపులు రాసి బతికేవాణ్ణి నేను. సినిమాలో తల్లికి ఏ మాట దగ్గర గొంతు పూడుకుపోవాలో ఫిల్మ్ నగర్‌లో నన్నడిగి తెలుసుకుంటారని నా నమ్మకం. అడిగేవాళ్ళు ఈ మధ్య తగ్గారు గానీ నమ్మకం తగ్గలేదు. అందుకని మా అక్క జీవితం ఎలా ఉందో కొలవడానికి ఒకమ్మాయి వస్తుందని డాక్టరు చెప్పినప్పుడు, దానికి కొలతలెందుకు, నన్నడిగితే చెప్పనా అనుకున్నాను.

అక్కకి డిగ్రీ చదివే రోజుల్లోనే స్కిజోఫ్రీనియా వచ్చింది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనేది. మందులతో ఆ గొంతులు చాలావరకు సద్దుమణిగాయి, పూర్తిగా పోలేదు. అమ్మా నాన్నా పోయాక నా దగ్గరే ఉంటోంది, ఇంట్లో మేమిద్దరమే. వెంగళరావు నగర్‌లో ఇలాంటి జబ్బున్న ఆడవాళ్ళు నలుగురు ఒక ఇంట్లో కలిసి ఉంటున్నారు, చూసుకోవడానికి ఒకావిడ ఉంది, అక్కని అక్కడికి పంపితే బాగుంటుందని డాక్టరు అన్నారు. అక్క వెళ్ళి చూసొచ్చింది, ఉంటానంది. నేను కుదరదనలేదు. చూద్దాం అక్కా అన్నాను.

ఈ చూద్దాం గురించి చెప్పాలి. జూబ్లీ హిల్స్ ఆఫీసుల్లో కథ మీద కూర్చున్నప్పుడు మేం ఎవరికీ కాదని చెప్పం. హీరోగారు క్లైమాక్స్‌లో ఏనుగు కావాలన్నా, బాగుంది సార్, చూద్దాం అంటాం. కొన్నాళ్ళకి ఏనుగు దానంతటదే పోతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ విద్యే ఇంటికీ తెచ్చుకున్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని అక్క అంటే అవునక్కా, తక్కువైందంటే అవునక్కా. ఎదురు చెబితే జబ్బు ఎక్కడ తిరగబెడుతుందోనని భయం. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు ప్రేమ.

డాక్టరు దగ్గర నా చూద్దాం పారలేదు. ఇప్పుడు తన బతుకు తనకెలా ఉందో ముందు ఆవిడ నోటే విందాం, తర్వాత మాట్లాడదాం అన్నారు. అలా వచ్చింది ఆ అమ్మాయి, మానసిక రోగుల జీవితం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఆ రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్క కుర్చీని వెలుతురు మొహమ్మీద పడేలా తిప్పి, వెనక మంచి కర్టెన్ వేయించాను. షాట్‌కి అంతా సిద్ధం.

మీ జీవన నాణ్యత పట్ల మీరు ఎంతమేరకు సంతృప్తిగా ఉన్నారు, అని చదివింది ఆ అమ్మాయి. ఐదుకి ఎన్నో చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది. ఈ డైలాగ్ ఎవరికీ నోరు తిరగదమ్మా, హాయిగా ఉన్నారా అని మార్చేద్దాం అన్నాను. మాట మార్చకూడదట. అందర్నీ ఒకే మాటలతో అడిగితేనే ఒకరి జవాబుని ఇంకొకరి జవాబుతో పోల్చగలరట. నేను రాసిన మాట ఒక్కటైనా మారకుండా తెర మీదికి వెళ్ళిన పాపాన పోలేదు. ఆ కాగితాన్ని చూసి కుళ్ళుకున్నాను.

తెలుగు రాని హీరోయిన్లకి కెమెరా పక్కన నిలబడి మాట అందించడంతో మొదలైన బతుకు నాది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? నిద్ర గురించి అడిగితే, బాగా పడుతుంది అని అందించాను. తీరిక వేళల గురించి అడిగితే, పాటలు వింటుంది అన్నాను. అక్క తలూపింది. మేమిద్దరం ఒక్క టేక్‌లో లాగించేస్తున్నామని నేను సంబరపడుతుండగా ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది.

"సార్, మీరు జర గా రూముల కూసుంటరా? ఆంటీ జవాబు ఆంటీనే చెప్పాలె."

లోపలికెళ్ళి, రైటర్ గౌరవానికి తగ్గట్టుగా, తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. కుటుంబ సభ్యులతో మీ సంబంధాల పట్ల ఎంతమేరకు సంతృప్తిగా ఉన్నారు అని వినబడింది. ఐదు ఖాయమనుకున్నాను.

"మా తమ్ముడు మంచోడేనమ్మా," అంది అక్క. "కానీ నాతో దెబ్బలాడేవాళ్ళే లేరు ఈ ఇంట్లో. చిన్నప్పుడు వాడు రోజూ దెబ్బలాడేవాడు. నాకు జబ్బొచ్చాక మానేశాడు. ఇప్పుడు నేనేమన్నా ఊఁ అంటాడు. ఆ వెంగళరావు నగర్ ఇంట్లో ఒకావిడ నేను వెళ్ళిన పది నిమిషాలకే ఫ్యాను కోసం నా మీద అరిచింది. ప్రాణం లేచొచ్చింది."

ఎంత వెయ్యాలని ఆ అమ్మాయి అడిగింది.

"రెండు వెయ్యి," అంది అక్క. "వద్దులే, వాడికి తెలిస్తే బాధపడతాడు. మూడు వెయ్యి."

ఐదుకి మూడు. మా సినిమాలకి రివ్యూల్లో మూడొస్తే పోస్టర్ మీద వేసుకుంటాం. నేను మాత్రం తలుపు వెనకాల నిలబడి ఏడ్చాను. ఎక్కడ గొంతు పూడుకుపోవాలో ఎవరూ అందించకుండానే పూడుకుపోయింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అక్క సూటిగా అడిగింది, వెంగళరావు నగర్ ఎప్పుడు పంపుతావని. నా నోరు అలవాటుగా చూద్దాం అనబోయింది. అక్క చెయ్యెత్తి ఆపేసింది. పంపేట్టయితే పంపుతానని చెప్పు, లేదంటే పంపనని చెప్పు అంది.

"పంపను," అన్నాను.

ఎందుకు పంపవని ఆవిడ గొంతు పెంచింది. నేనూ పెంచాను. అక్కడ మందులెవరు చూస్తారన్నాను. నా మందులు నేనే వేసుకుంటున్నాను, నువ్వు డబ్బా మూత తీసి చూడ్డం తప్ప చేసేదేంటంది. నీ మంచికే చెబుతున్నానన్నాను. నా మంచి నాకు తెలుసంది. ఎదురింటి తలుపు తెరుచుకుని, మర్యాదగా మళ్ళీ మూసుకుంది. ఇంత ధాటిగా ఏ సీనూ రాయలేదు నేను. ఆ ఊపులో నేనెప్పుడూ అనుకోని మాట నోటి నుంచి వచ్చేసింది.

"నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారక్కా?"

అక్క నా వైపు తిరిగింది. చిన్నప్పుడు నేను ఏదన్నా పగలగొట్టి వస్తే చూసినట్టే చూసింది.

"అది నీ బాధరా," అంది. "నా జబ్బు కాదు. దానికి నేనెందుకు ఇక్కడుండాలి?"

అటక మీంచి సూట్‌కేసు దించమంటే దించాను.