కడిగిన ద్రాక్షలు

పొద్దున తోట గేటు తీయగానే మైలుతుత్తం, సున్నం కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. పక్క చేను సత్తయ్య భుజాన తైవాన్ పంపు తగిలించుకుని తన బత్తాయి చెట్లకు బూజు మందు కొడుతున్నాడు. గాలి సరిగ్గా నా ద్రాక్ష పందిరి మీదికే వీస్తోంది. కోతకు ఇంకా కొన్నాళ్ళే ఉంది. ఒళ్ళు మండిపోయింది. కొంగు నడుముకు చుట్టి గట్టు వెంట విసవిసా నడుస్తుంటే, ఎప్పటిలాగే భారతి టీచర్ గొంతు అడ్డం వచ్చింది. "ఆగు సునీతా. కొట్లాటకు పోతున్నవా, చెప్పనీకి పోతున్నవా?" ఆమె పోయి కొన్నేళ్ళయింది. అయినా ఒక్కసారి కూడా నన్ను తృప్తిగా తిట్టనివ్వదు.

భారతి టీచర్ హాలియా వైపు బడుల్లో సైన్సు చెప్పి, రిటైరయ్యాక కట్టంగూర్ దగ్గర తమ ఎర్రనేలలో ద్రాక్ష వేసింది. తినే ద్రాక్ష కాదు, వైన్ ద్రాక్ష. చుట్టూ అందరూ బత్తాయి పెట్టుకుని హాయిగా ఉంటే ఈమెకు ఈ పిచ్చి ఎందుకని ఊరంతా అనుకున్నది. ఆమె భర్త రామచంద్రం సారు అనుకోవడంతో ఆగలేదు, రోజూ అన్నాడు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను ఆమె పనిలో పెట్టుకుంది. ఆ తోటకు ఆమె యజమాని, నేను మిగతా అన్నీ. ఒకే మాటను మూడు రకాలుగా చెప్పించుకునేది. అర్థమైందంటే నమ్మేది కాదు. ఆమె దగ్గర పనిచేసిన రోజుల్లో నా తల ప్రాణం తోకకు రాని వారం లేదు.

పట్నం అవతల చిన్నగా వైన్ తయారుచేసే ఒకాయన ఆమెకు ఒక మాట ఇచ్చాడు. ప్యాకెట్ ఈస్ట్ వేసి ఎవరైనా పులియబెడతారు, మీ తోట పండ్ల రసం ఏమీ కలపకుండా తనంతట తాను పొంగితే పంట మొత్తం ఏటా నేనే తీసుకుంటాను అన్నాడు. మొదటి ఏడు మందుల దుకాణం అతను ఇచ్చినవన్నీ ఒకే డ్రమ్ములో కలిపి కోత దాకా కొట్టాం. రసం తీసి గాజు జాడీలో పోస్తే అది చలనం లేకుండా కూర్చుంది. కూర్చుని కూర్చుని చివరికి పాచి వాసన వేసింది. రామచంద్రం సారు జాడీని చూసి, "ఇంకొక్క ఏడు చూస్త భారతీ. మల్ల గిట్లనే అయితే తీగలు పీకిచ్చి బత్తాయి పెడ్త" అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నాడంటే చేస్తాడు.

ఆ సాయంత్రం ఆమె నన్ను పందిరి కిందికి తీసుకుపోయి ఒక గుత్తి చేతిలో పెట్టింది. పండ్ల మీద సన్నగా తెల్లటి పొర ఉంది. "గిది మందు కాదు. పండు తనకు తాను పూసుకున్న మైనం. దీని మీదనే, కాడల దగ్గర, కంటికి కనపడని ఈస్ట్ ఉంటది. దోశపిండిల ఎవరైన ఏమన్న కలుపుతరా? పొద్దటికల్లా పొంగుతలేదా?" అన్నది. నేను తలూపాను. ఆమె నమ్మలేదు. "ఈస్ట్ గూడ బూజు జాతిదే. బూజును సంపే మందు, నువ్వు మంచిదానివని దీన్ని ఇడిసిపెడ్తదా?" అర్థమైంది టీచర్ అన్నాను. "అయితే నాకు చెప్పు" అన్నది. చీకటి పడే దాకా చెప్పించుకుంది.

రెండో ఏడు మా యుద్ధం మొదలైంది. మైలుతుత్తం, సున్నం కలిపే బోర్డో మిశ్రమాన్ని, గంధకాన్ని పిందె దశలోనే ఆపేశాం. వాటికి బదులు గుత్తుల చుట్టూ ఆకులు తుంచి గాలి ఆడనిచ్చాం. అయినా ఒక మూల బూడిద తెగులు వచ్చి గుత్తులు పోయాయి. నేను మందు కొడదామని బతిమాలాను. ఆమె చెడిన గుత్తులు కోసి దూరంగా పారేయించింది. పక్క చేలో పంపు చప్పుడైతే చాలు, పని మధ్యలో నన్ను పరుగెత్తించేది, గాలి ఎటుందో చూసి రమ్మని. లోపలికి వచ్చిన వాళ్ళ చేతులు వాసన చూసేది. ఒకసారి రామచంద్రం సారు చేతులు కూడా చూసింది. ఆయన మూడు రోజులు తోట వైపు రాలేదు.

కోత రోజు వచ్చింది. మర్నాడు వైన్ ఆయన వస్తానన్నాడు. కోతకు మాత్రమే వచ్చే కూలీలకు మేస్త్రీ, అండాలు అనే ఆమె. హాలియా వైపు నుంచి ఇటు కోడలిగా వచ్చింది, అక్కడి బడిలో టీచర్ దగ్గర ఏడో తరగతి దాకా చదివి మానేసిన మనిషి, పనిలో వంక పెట్టడానికి లేదు. నేను పెట్టెల కోసం కట్టంగూర్ పోయాను. టీచర్ ఇంట్లో వేడినీళ్ళతో జాడీలు కడుగుతోంది. నేను తిరిగి వచ్చేసరికి కోసిన పండ్లన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క పండు మీద కూడా తెల్లపొర లేదు. పక్కన పెద్ద గంగాళంలో పసుపు రంగు నీళ్ళు.

"మందు పోవాలె గద అక్కా, ఉప్పు పసుపు ఏసి మంచిగ రుద్ది కడిగినం. టీచరమ్మ పండ్లాయె" అన్నది అండాలు, మెచ్చుకుంటాననుకుని.

నా నోటి నుంచి ఏ మాటలు వచ్చాయో ఇక్కడ రాయను. పిందె దశ నుంచి మందు పడకుండా కాపాడిన పంటను ఉప్పు నీళ్ళ పాలు చేశారు. ఈలోగా టీచర్ వచ్చింది. గంగాళం చూసింది, పండ్లు చూసింది. "ఎవరు చెప్పిన్రు అండాలూ?" అని నెమ్మదిగా అడిగింది.

"మీరే గద టీచర్. ఏడో తరగతిల. పండ్లు ఉప్పు నీళ్ళల్ల కడగకుంట ముట్టొద్దని బోర్డు మీద రాసి రోజూ చదివిచ్చిన్రు. గప్పటిసంది నేను కడగకుంట జామకాయ గూడ తినలే."

టీచర్ గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. "మంచి పనే చేసినవ్ బిడ్డా" అన్నది. నాకు తిక్కరేగింది. తిట్టండి టీచర్ అన్నాను. "ఎట్ల తిట్టాలె? నేను సగం పాఠమే చెప్పిన. కడుగుమన్న గని ఎందుకో చెప్పలే. ఎందుకో తెలిస్తే ఎప్పుడొద్దో ఆమెనే ఆలోచన జేసుకునేది." కంచె పక్క చివరి సాలు ఇంకా కోయలేదు. దాన్ని తొందరగా కోద్దామని నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఆమె కూలీలందరినీ కూర్చోబెట్టి తెల్లపొర నుంచి మొదలుపెట్టింది. వాళ్ళు ఊరుకోలేదు. గా పొర కడుపుల పోతె ఏమైతది, మరి కల్లు గూడ గిట్లనే పొంగుతదా అని ఒకటే అడగడం. ఎండ నెత్తికెక్కుతోంది. ఆమె ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

చివరి సాలు పండ్లను అండాలే కోసింది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు కాడలు పట్టుకుని. ఆ పండ్ల రసం ఒక జాడీలో, కడిగిన పండ్ల రసం ఇంకో జాడీలో పోశాం. మర్నాడు వైన్ ఆయన చూసేసరికి ఏ జాడీలోనూ కదలిక లేదు. ఇంకో రెండు రోజులు ఆగుతానన్నాడు. రామచంద్రం సారు బత్తాయి మొక్కలకు అప్పటికే మాట్లాడి వచ్చాడు. ఆ రెండు రోజులూ టీచర్ అన్నం సరిగా తినలేదు. తరువాతి పొద్దున అండాలు నాకంటే ముందే వచ్చి జాడీకి చెవి ఆనించి ఉంది. "అక్కా, ఇందుల ఎవరో గుసగుస పెడ్తున్నరు" అన్నది. చివరి సాలు రసం పైన గులాబీ రంగు నురగ కట్టింది. కడిగిన పండ్ల జాడీ మాత్రం అలాగే పడి ఉంది. సారు రెండు జాడీలూ మార్చి మార్చి చూసి, బత్తాయి మొక్కలు వద్దని చెప్పడానికి పోయాడు. టీచర్ అప్పుడు ఏడ్చింది.

వైన్ ఆయన మాట తప్పలేదు, ఏటా పంట తీసుకుంటూనే ఉన్నాడు. ఆమె పోయాక తోటను సారు దగ్గర నేనే కౌలుకు తీసుకున్నాను. కోతకు ఇప్పటికీ అండాలే వస్తుంది, కొత్త కూలీలకు తెల్లపొర పాఠం తనే చెబుతుంది.

ఇవాళ పొద్దున గట్టు చివరకు చేరేసరికి సత్తయ్య పంపు ఆపి నా మొహం చూశాడు. తిట్టు నాలుక చివర దాకా వచ్చింది. మింగేసి, గాలి ఎటు వీస్తోందో చూపించి, నా పండ్ల మీద ఏముందో, ఆయన మందు దాన్ని ఏం చేస్తుందో చెప్పాను.

"గట్లనా" అన్నాడు. పంపు భుజం నుంచి దించాడు. "గాలి మర్లినంక కొట్టుకుంట తియ్యి. గని సునీతమ్మా, గా ఈస్ట్ అనేది నా బత్తాయిల మీద గూడ ఉంటదా?"

ఉంటుంది అన్నాను. మరి అవెందుకు పొంగవు అన్నాడు. చెప్పాను. అయితే చెట్టు మీదనే పండు ఎందుకు పులవదు అన్నాడు. అవతల నా కోసం కూలీలు ఎదురుచూస్తున్నారు, డ్రిప్పు విప్పాలి, ఎండ ఎక్కుతోంది. సత్తయ్య మాత్రం చుట్ట వెలిగించి తీరిగ్గా కూర్చున్నాడు. తల బాదుకోవాలనిపించింది. గట్టు మీద ఆయన ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.