పస్తుంచిన సీసా

మా కల్చర్ గదిలో ఇరవై ఆరేళ్లుగా మనుషుల చర్మకణాలను పెంచుతున్న ఆవిడను డైరెక్టరు దగ్గర్నుంచి గది ఊడ్చే మనిషి దాకా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పిలుపులో ఇంత గౌరవం ఇచ్చేశాక ఇంకా ప్రమోషన్ ఎందుకనుకున్నారు కాబోలు, ఆ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ చేతి కింద కణం చిక్కిపోవడమన్నది లేదు. సీసాలోని ఎర్రటి ద్రవం పసుపుకు తిరిగిందంటే లోపల తిండి అయిపోవచ్చిందని అర్థం. ఆ రంగు మా కంట పడేలోపే పాతది తీసేసి, కొత్తది గోరువెచ్చగా పోసి, పైన దూడ నెత్తురు నుంచి తీసిన సీరం కాస్త కలిపేది. మమ్మల్నీ అలాగే చూసేది. "ఇదేం తిండిరా, పిచ్చుక్కి కూడా చాలదు" అంటూ తన డబ్బాలోది సగం నా డబ్బాలో వంచేది. నేను వద్దన్న రోజు లేదు, బరువు తగ్గిన రోజూ లేదు.

పోయినేడు, మా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి కొత్త వృద్ధి కారకం ఒకటి దొరికింది. చక్కెర, లవణాలు, విటమిన్లు కణానికి కడుపు నింపుతాయి గానీ, ఇక రెండుగా చీలమని చెప్పేది ఈ కారకమే. దాన్ని మేం మందు అనేవాళ్లం. రెండు సీసాల్లోనూ కణాలు, మామూలు పోషకాలు. సీరం దేనిలోనూ లేదు. ఒకదానిలో మాత్రం మందు. అది పెరిగి, రెండోది ఉన్నచోటే ఉంటే అమ్మాయి గెలిచినట్టు. సెలవు రోజుల్లో సీసాలను చూసుకునేది పెద్దమ్మ. "రెండోదాంట్లో మందు వేయొద్దు పెద్దమ్మా" అని అమ్మాయి మూడుసార్లు చెప్పింది.

కణాలు లెక్కపెట్టేది నేను. రెండు సీసాలూ సమానంగా వచ్చాయి. మళ్లీ చేస్తే మళ్లీ సమానం. నాలుగోసారీ అంతే. మందు దండగని డైరెక్టరు తేల్చేశాడు. తేల్చేయడంలో ఆయన దిట్ట, పని తనది కాకపోతే. మూడేళ్ల పని మూట కట్టుకుని సోమవారానికల్లా వెళ్లిపొమ్మన్నాడు.

భోజనాల గదిలో అమ్మాయి ఏడుస్తుంటే పెద్దమ్మ వీపు నిమిరింది.

"నీ తప్పేం లేదు తల్లీ. ఆ రెండో సీసా వాలకం చూడలేక ప్రతిసారీ నేనే దానికింత సీరం వేస్తూ వచ్చాను. వట్టి తిండితో పెరిగినంతే నీ మందుతోనూ పెరిగితే ఏం చేస్తాం?"

నేను చేతిలో ముద్ద తిరిగి డబ్బాలో పెట్టేశాను.

"వేయొద్దని చెప్పానుగా పెద్దమ్మా" అంది అమ్మాయి మెల్లగా.

"మందు వేయొద్దన్నావు, వేయలేదు. తిండి పెట్టొద్దని చెప్పలేదుగా."

సీరం ఒట్టి తిండి కాదనీ, పెరగమని చెప్పే కారకాలు అందులోనే బోలెడుంటాయనీ ఇరవై ఆరేళ్లలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మాకు తీరికెక్కడిది? ఆవిడ పెట్టింది తినడానికే సరిపోయేది.

ఆ రోజు అమ్మాయి చెప్పింది. విని పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఆవిడ రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలుంది కాబట్టి ఈ సంగతి బయట పెట్టొద్దని, ఇంకేదో కారణం చెప్పి ఒక్క అవకాశం అడుగుతానని అమ్మాయి అంది. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవముంది. పెద్దమ్మ మాత్రం డబ్బా మూత పెట్టి, తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లి, చేసిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి వచ్చింది.

ఆవిడను సీసాలు కడిగే చోటికి మార్చారు. ఐదోసారి గదికి తాళం వేసి మరీ చేశాం. మందు వేసిన సీసాలో కణాలు మూడింతలయ్యాయి, రెండోదానిలో వేసినన్నే ఉన్నాయి. ఇలా వస్తుందని తాను మొదటే అనుకున్నానని డైరెక్టరు సెలవిచ్చాడు.

కబురు చెప్పడానికి నేను తొట్టి దగ్గరకు వెళ్లాను.

"పిల్ల గట్టెక్కిందా?" అంది పెద్దమ్మ.

"గట్టెక్కింది."

"మరి ఆ రెండోది?"

"చావలేదు పెద్దమ్మా. పెరగనూ లేదు. వారమంతా అలాగే ఉంది."

లెక్క అయ్యాక కణాలను పారబోసి ఖాళీ సీసాలను ఆవిడకే పంపిస్తామని నాకప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ నురగలోంచి ఒక సీసా పైకి తీసి, దాని మీది రెండో నంబరు చీటీని గోటితో గీకింది.

"ఒక్క పూటైనా పెట్టకుండానే పంపేశారన్నమాట" అంది.