మా టాక్సీ ఈల వేసిన వేసవి

అది వైశాఖమాసంలో ఒక శుక్రవారం, పొద్దున్న పదిన్నర. ముక్తేశ్వరం రేవులో మా అంబాసిడర్ టాక్సీ ఆగిపోయింది. టైము ఎలా తెలుసంటే, బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పదిన్నర పంటు అప్పుడే ఒడ్డుకి తగిలింది, దాని సరంగు అడ్డం తియ్యమని మా మీద కేకలేస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఎత్తని సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న మా వీధిలోకి ఎవరిదో కొత్త కారు వచ్చింది. వెనకాల ఇంగ్లీషులో ఏదో అతికించి ఉంది. నలభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని, తెలుగే కూడబలుక్కుంటాను, ఇంగ్లీషైతే అక్షరాలు గుర్తుపడతానంతే. ఒక్కో అక్షరమే పట్టుకుని చదివితే 'టర్బో' అని తేలింది. అది కదిలి వెళుతుంటే సన్నగా ఈల వినిపించింది. అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను.

మా చెల్లెలి మొగుడు, అంటే నాకు మరిది, పెళ్ళయిన ఏడాదికే గల్ఫు వెళ్ళి అక్కడే ఓ కార్ల రిపేరు షెడ్డులో పని నేర్చుకున్నాడు. రెండేళ్ళకోసారి రావడం, రెండు నెలలుండి ఏడుస్తూ వెళ్ళడం. ఏడ్చేది అతనే, మా చెల్లి కాదు. అది గట్టి మనిషి. ఆ వేసవిలో వచ్చినప్పుడు ఎవరికీ సెంట్లూ సబ్బులూ తేలేదు. లుంగీల మధ్య చుట్టి, నత్తగుల్లలాంటి ఓ ఇనప ముద్ద తెచ్చాడు. "ఇదేంటయ్యా, దీంతో కొబ్బరి కోరమంటావా?" అన్నాను. "టర్బో అండీ వదినగారూ. అన్నయ్యగారి బండికి పెడతానండి. బాగా లాగిందంటే స్టాండులో అందరూ పెట్టించుకుంటారు. ఇక్కడే షెడ్డు పెట్టేసుకుంటాను. ఇంక నేనెళ్ళక్కర్లేదండి" అన్నాడు. అన్నయ్యగారంటే మా ఆయన. అమలాపురం స్టాండులో టాక్సీ తోలేవాడు.

గొట్టంలోంచి ఊరికే పోయే పొగే అందులో చక్రాన్ని తిప్పుతుందట, ఆ చక్రం ఇంజన్లోకి గాలి కూరుతుందట. పొయ్యిలో పొగే మళ్ళీ పొయ్యిని ఊదిపెట్టడం లాంటిదన్నమాట. బిగించి వదిలేస్తే సరిపోదు. గాలి పెరిగితే డీజిలూ పెరగాలని పంపు మీద స్క్రూ కొంచెం తిప్పాడు. నల్లపొగ కక్కింది, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఒత్తిడికి హెడ్డు లేచిపోకుండా కింద మందం గాస్కెట్ వేశాడు. వేడికి తట్టుకోవాలని పెద్ద రేడియేటరు ఎక్కించాడు. ఇంకాస్త గాలి పెట్టవయ్యా అని మా ఆయన పోరితే, "పాత ఇంజనండీ. ముసలాయనకి గారెలు పెట్టినట్టు, చూసి చూసి పెట్టాలి" అనేవాడు. చివరికి ఒక్క జాగ్రత్త చెప్పాడు. ఆ చక్రం ఇరుసుకి ఇంజను ఆయిలే ప్రాణం, ఇంజను ఆడినంతసేపే అది అందుతుంది, అందుకని బండి తిరిగొచ్చాక రెండు నిమిషాలు ఇంజను అలా ఆడనిచ్చి, కాస్త చల్లారాకే ఆపాలని. మా ఆయన సాయంత్రం ఇంటి ముందు ఇంజను ఆడుతుండగా వదిలి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి అప్పుడు ఆపేవాడు. ఒక్కరోజూ తప్పలేదు. చెల్లి కాలవగట్టు పక్కన షెడ్డుకి చోటు కూడా చూసుకుంది. "అక్కా, తాటాకు నేయించనా, రేకులు వేయించనా?" అని నన్ను తినేసేది.

ఆ శుక్రవారం స్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. నిండు బరువుతో నడిపి చూశాకే నమ్ముతామన్నారు. డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు వేసి, వెనక సీట్లో మరిది తనతోపాటు చెల్లినీ నన్నూ కూర్చోబెట్టాడు. "మీరుంటే ఇంకో బస్తా అక్కర్లేదండీ వదినగారూ" అని వేళాకోళం కూడాను. మా ఆయన తోలుతున్నాడు. అంత బరువుతోనూ ఈల వేసుకుంటూ ఏటిగట్టు ఎక్కేసింది. "ఏవండోయ్, ఇది బండా, రైలా!" అన్నాడు ముందు కూర్చున్న స్టాండు డ్రైవర్లలో ఒకడు. చెల్లి నా చెయ్యి పట్టుకుని నలిపేసింది.

గట్టు మీదికి రాగానే మా ఆయన ఇంజను ఆపే స్టాపు పిడి లాగేసి, ఇంజను లేకుండా బండిని రేవులోకి జారవిడిచాడు. ఈల తెగిపోయింది.

"ఇంజనెందుకు ఆపేరండీ!" అని మరిది సీటు మీంచి లేచిపోయాడు.

"దిగుడే కదయ్యా. దిగుడులో డీజిలెందుకు తగలెయ్యడం?"

"రోజూ ఇలాగే దింపుతున్నారా అండీ?"

"ఆయ్. అందరం ఇలాగే దింపుతాం."

ముందున్న ఇద్దరూ తలూపారు. మా గట్ల మీద డ్రైవరైన ప్రతివాడి చెయ్యీ అంతే, దానంతటదే స్టాపు మీదికి పోతుంది. మరిది పని నేర్చిన చోట గట్లూ లేవు, డీజిలు చూసుకునేవాడూ లేడు. దిగుడు సంగతి చెప్పాలని అతనికి తోచలేదు. సాయంత్రం జాగ్రత్త దిగుడుకీ వర్తిస్తుందని మా ఆయనకి తోచలేదు. ఎక్కుడుకి ఎర్రగా కాలిన ఇరుసు, ప్రతి దిగుడులోనూ ఆయిలు లేక మాడుతూ వచ్చింది.

రేవులో మళ్ళీ స్టార్టు చేస్తే ఈల రాలేదు. రాతి మీద గునపం ఈడ్చినట్టు ఓ అరుపు, రేవంతా నీలం పొగ. మరిది బానెట్టు ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకుని టర్బో ఇరుసు కదిపి చూశాడు. ఊడబోయే పన్నులా ఊగింది. "పోయిందండీ" అన్నాడు. అంతే. మా ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. డ్రైవర్లు మాత్రం "మా బళ్ళకొద్దులెండి ఈ గొడవ. రోజూ తిరిగితేనే మాకు అన్నం" అని బస్సెక్కి పోయారు.

సెలవైపోయింది. "ఇంకోటి తెస్తాను. ఆ చోటు ఎవరికీ ఇవ్వనియ్యకు" అని చెల్లికి చెప్పి వెళ్ళాడు. ఆసారి ఏడవలేదు. రెండో వేసవిలో అక్కడి షెడ్డులో, ఏదో కారు కింద పడుకుని పనిచేస్తుండగానే గుండె ఆగిందట. పెట్టెలో వచ్చాడు. ఆ తరవాత మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ గట్టూ ఇంజను ఆపి దిగలేదు. టర్బో లేని బండికి ఆ దుబారా ఎందుకని స్టాండులో నవ్వేవారు.

ఆ రోజు రేవులో ఉన్నది వీళ్ళు. పంటు మీద సరంగు. బస్సు కోసం చూస్తున్న డ్రైవర్లిద్దరు. స్టీరింగు వదలని మా ఆయన. బానెట్టు ఎత్తి పట్టుకున్న మా మరిది. అతని వెనక నోటికి చెంగు అడ్డం పెట్టుకున్న మా చెల్లి. దాని పక్కన నేను. మిగిలింది అక్కచెల్లెళ్ళం ఇద్దరమే. మరిది నలభైలోపే ఆగిపోయాడు, చెల్లికి మొన్ననే అరవై నిండాయి. ఇప్పుడతను వచ్చి పక్కన నిలబడితే, చూసినవాళ్ళు దానికి కొడుకనుకుంటారు.