తొక్కినోడికి

కృష్ణగిరి నుంచి శూళగిరి పోయే దారిలో ఒక ఊరి దగ్గర పెద్ద మలుపు ఉండేది. డెబ్భైల చివర్లో రోడ్డు వెడల్పు చేసి, ఆ మలుపు తీసేశారు. మంచి పని జరిగిందని మా పత్రికకు నేనే రాసి పంపాను. తారు వేసిన నెలలోనే, గొర్రెలను దాటిస్తున్న ఒక మనిషిని లారీ ఈడ్చుకుపోయింది. అతని చెయ్యి ఒకచోట, తువ్వాలు ఒకచోట దొరికాయి.

దినాలు అయ్యాక, అతను పడిన చోట భార్య సున్నంతో, కావితో ముగ్గు వేసింది. ఎరుపూ తెలుపూ చూసి డ్రైవర్లు ఏదో చేతబడి ప్రయోగం అనుకున్నారు. ఒక చక్రం రోడ్డు పక్క మట్టిలోకి దించి, మెల్లగా పక్కనుంచి పోయేవారు. అది చూసి ఊరి ఆడవాళ్లంతా కలిశారు. శుక్రవారం శుక్రవారం ముగ్గు పెరిగి రోడ్డు రెండంచులకూ తాకింది.

ఒకనాడు నేను అక్కడ ఉండగానే ఒక డ్రైవరు తల బయట పెట్టి అడిగాడు.

“యెవురికి పెట్టినారమ్మా ఇది?”

“తొక్కినోడికప్పా!” అంది చనిపోయినవాడి భార్య.

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆ మాట హోసూరు దాకా టీ అంగళ్లలో పాకింది.

ఆ తర్వాతి వేసవిలో, నేనెక్కిన బస్సు ముందు పోతున్న లారీ మంచి వేగం మీద ఉంది. ముగ్గు దగ్గరికి వచ్చేశాక గానీ డ్రైవరు చూసుకోలేదు. ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. ఆ మట్టిలో ఆమె మామ గొర్రెలకు కాపలా కూర్చుని ఉన్నాడు. కేక కూడా వినబడలేదు. లారీ ఆగాక వెనక చక్రం కింద పంచె చెంగు మాత్రం కనిపించింది.

ఊరివాళ్లు డ్రైవరును కాలు పట్టి కిందికి లాగారు. ఒకడు రాయితో పళ్లు రాలగొట్టాడు. చెప్పులు, కట్టెలు, ఏది దొరికితే అది. నేను అడ్డం పోతే ఎవరో నా రొమ్ము మీద తన్నారు. ముసలాయన చిన్న కొడుకు గడ్డపార పట్టుకుని వచ్చాడు. ఆమె పరుగున వచ్చి డ్రైవరు మీద పడి కప్పుకుంది.

“లెయ్ వదినా! వీణ్ణి ఈడనే పూడుస్తా.”

“నా ముగ్గు తొక్కకూడదని తిప్పినాడప్పా.”

“తొక్కి పోయింటే మా నాయన బతికుండు!”

“ఔ. అదే చెప్తా ఉండా. తొక్కితే చస్తారని చెప్పింది నేను. కొట్టేది నన్ను కొట్టు.”

కొట్టాడు. గడ్డపార ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరూ విన్నారు. అతను గడ్డపార వదిలేసి, తండ్రి నెత్తుటిలోనే కూలబడ్డాడు. గుంపు అక్కడితో ఆగింది. డ్రైవరును మా బస్సులోనే కృష్ణగిరి ఆసుపత్రికి చేర్చాం. బతికాడు.

ఆమె మళ్లీ ముగ్గు వేయలేదు. ఎండకు తారు మెత్తబడినప్పుడు దిగిన కావి మాత్రం కడిగినా పోలేదు. లారీలు ఆ మరక చూసి మట్టిలోకే దిగేవి. రోడ్డువాళ్లు పైన కొత్త పొర వేయడానికి వస్తే, రోలరు నడిపేవాడు అక్కడికి వచ్చి ఇంజను ఆపేశాడు. ఓవర్సీరు తిట్టినా కదలలేదు.

“నాకూ పిల్లోళ్లుండారు సామీ.”

ఆమె వంకర చేతిని పైట కింద దాచుకుని వచ్చింది. మరక మీద నిలబడి, రెండు కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తొక్కుకుంటూ నడిచింది.

“ఏమీ లేదప్పా దీంట్లో. ఊరికే అన్న్యా. తొక్కు.”

అతను చెప్పులు విప్పి పక్కన పెట్టి, రోలరును కదిలించాడు.