మూడో ఎపిసోడ్ ఆయనకు శాలువా

ఇప్పుడు మీటింగుల్లో నన్ను ఆపడం కష్టమంటారు గానీ, జెర్సీ సిటీలో ఉంటూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంగ్లిష్‌లో నాకు నోరు పెగిలేది కాదు. మాట నేర్పింది ఒక బ్రిటిష్ నటుడు. పాత టీవీ సీరియళ్లలో డాక్టరు, జడ్జి, సినిమాల్లో బట్లరు. సీరియల్లో ఏ వేషం వేసినా మూడో ఎపిసోడ్‌కల్లా చచ్చిపోయేవాడు (హంతకులకు ఆయనంటే ఎందుకో లోకువ). కానీ ఎంత నెమ్మదిగా, ఎంత హాయిగా మాట్లాడేవాడో. ట్రైన్ నది కింద సొరంగంలో మాన్‌హాటన్ వైపు వెళ్తున్నంతసేపూ ఆయన డైలాగులు గొణుక్కుంటూ, కలలో నడిచినట్టు ఆఫీసుకు చేరేదాన్ని.

అలాంటి ఆయన మాన్‌హాటన్‌లో నాటకం వేస్తున్నాడని తెలిసింది. ఒక్కసారి ఎదురుపడి, మీ వల్లే నాకు మాట వచ్చిందని చెప్పాలి, అంతే. మేము 'ప్రోటోకాల్ అక్క' అని పిలుచుకునే రూమ్మేట్ (మర్యాదల విషయంలో ఆవిడదే ఆఖరి మాట) ఒప్పుకోలేదు. "పెద్దాయన దగ్గరికి ఉత్త చేతుల్తోని పోతవా? శాలువా కప్పు. కనబడంగనే కప్పెయ్, లేట్ చేయకు," అంటూ పెట్టె అడుగు నుంచి జరీ అంచు శాలువా తీసిచ్చింది.

మధ్యాహ్నం ఆట అయ్యాక థియేటర్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. నేను చూసినవి ఆయన వయసులో ఉన్నప్పటి సీరియళ్లు; నాటకమంతా ఆయన విగ్గు, గడ్డంతోనే ఉన్నాడు, ఇప్పటి అసలు ముఖం కనిపిస్తేగా. తలుపు తెరుచుకుంది. తెల్ల జుట్టు, సన్నటి మనిషి, చేతిమీద పొడవాటి కోటు. శాలువా కప్పి, వంగి కాళ్లకు దండం పెట్టి, బట్టీపట్టిన కృతజ్ఞతలన్నీ తడబడకుండా అప్పజెప్పాను. ఆయన కళ్లు చెమర్చాయి.

"అమ్మా, నేను ఆయనకు కోటు తొడిగేవాణ్ణి, నలభై ఏళ్లుగా," అన్నాడు. "నా భుజాల మీద ఒకరు కప్పడం ఇదే మొదలు." అంటూనే శాలువా తీసి నా చేతికివ్వబోయాడు.

అంతలో అసలాయన వచ్చాడు (టీవీలో కంటే పొట్టి). సంగతంతా విన్నాడు. నా దగ్గర రెండో శాలువా లేదు, రెండో ఉపన్యాసమూ లేదు. ఆయన ఆ శాలువా అందుకుని, తన మనిషి భుజాల మీదే మళ్లీ కప్పి, ఎడమవైపు జారిన అంచు సర్దాడు. తన కోటు తనే తొడుక్కుని, "ఇవాళ నీ వంతు," అన్నాడు. ఇద్దరూ అలా నడిచి వెళ్లిపోయారు.

నేను ఆయనకు థాంక్స్ చెప్పనే లేదు. ఇప్పటికీ ఆ సీరియళ్లు చూస్తుంటాను. మూడో ఎపిసోడ్‌లో ఆయన పడిపోతుంటే నేను మాత్రం కోటు ఎంత చక్కగా కుదిరిందో చూస్తాను. శాలువా కప్పేముందు మనిషెవరో కనుక్కోవాలని అప్పటి ఆ పిల్లకు, అంటే నాకు, ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది.