పడవ మీద చెయ్యి

మాకు పాత ఫైబర్ పడవ అమ్మిన నంద్యాల పెద్దమనిషి అనగానే నాకు అతని అరచెయ్యే గుర్తొస్తుంది. మాట్లాడినంతసేపూ దాన్ని బోర్లించిన పడవ అడుగు మీద ఒకేచోట ఆనించి నిమురుతూనే ఉన్నాడు.

"యాడా దెబ్బ లేదప్పా. బిడ్డ మాదిరి చూసుకున్యా," అన్నాడు.

అంత ప్రేమగా నిమిరేవాడు అబద్ధమాడడనుకున్నాను.

ఆళ్లగడ్డ దగ్గర మా చేపల చెరువులో దించాం. మూడోరోజు మేత చల్లడానికి మా నాయన నడిమధ్యకు పోయాక అడుగు నుంచి నీళ్లు ఉబికాయి. ఆయనకు ఈత రాదు. తమ్ముడు ఈదుకుంటూ పోయి ఒడ్డుకు లాక్కొచ్చాడు. పడవ బోర్లించి రంగు గీకితే, సరిగ్గా ఆ చెయ్యి ఆనినచోట జానెడు పగులు. అందులో ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండల సందులకు పూసే తెల్లసిమెంటు కూరి, పైన నీలం రంగు కొట్టాడు.

"పడవనుకున్యాడా, నీళ్లు పోసుకునే బచ్చలిల్లనుకున్యాడా?" అని తమ్ముడు ఉమ్మేశాడు.

నంద్యాల పోయి అడిగాను. మా నాయన ప్రాణం పోయేదని చెప్పాను.

"పోలే గదప్పా," అంటూ అతను నా భుజం మీద చెయ్యి వేసి నిమిరాడు. అంతే మెత్తగా, అంతే ప్రేమగా.

ఇంటికొచ్చి చొక్కా విప్పి, ఆ భుజం దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను.